కాంచనబురిలో చదవని పేర్లు

“ఎవడు పంపాడు వాళ్ళని? ఎవడో ఒకడు పంపే ఉంటాడుగా? ఆ వెధవ ఎవడని అడిగే దిక్కు లేదా మీలో?”

తెలుగు సంఘం వాళ్ళు కలిసిన ఆల్బనీ హాల్లో సమోసాలు నములుతున్న నోళ్ళన్నీ ఆగిపోయాయి. అరిచింది లక్ష్మణరావు. ఎనభై మూడేళ్ళ మనిషి. మలయా రబ్బరు తోటల్లో పుట్టి పెరిగి, ముసలితనంలో కూతురు సుభద్ర వెంట ఆక్లండ్ వచ్చాడు. చేతికర్ర తెరకేసి చూపిస్తూ నిలబడ్డాడు.

తెర మీద ఉన్నది కృష్ణచైతన్య తీసిన ఫొటో. జనవరిలో ఇండియా నుంచి తిరిగొస్తూ పెళ్ళాం పిల్లతో థాయ్‌లాండ్‌లో కాంచనబురి అనే చిన్న ఊళ్ళో రెండ్రోజులు ఆగాడు. నది మీద ఇనుప వంతెన, కొండ అంచున దుంగల మీద పాకే రైలు, పాడుబడ్డ పాత గుడి, అన్నీ చూపించాడు. ఇప్పుడు రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు వచ్చాయి. గడ్డి కత్తిరించి, రాయి రాయికీ పేరు చెక్కి ఉంది.

“ఎంత నీట్‌గా ఉంచారో!” అన్నారెవరో. దానికే లేచాడు ముసలాయన.

“ఉంచరా మరి! సైనికులు కదా. అదే రైలు పట్టాలు వేస్తూ మన కూలీలు చచ్చారు. తెలుగువాళ్ళు, అరవవాళ్ళు. తోటల్లోంచి జపాన్‌వాడు తోలుకెళ్ళాడు. వేలమంది! ఒక్కడికి రాయి ఉందా? చూపించు, చైతన్యా!”

చైతన్య తల దించుకున్నాడు. చూపించడానికి ఏముంది? చూసొచ్చామని చెప్పుకోవడం సులువు.

“మరి మీరెలా తప్పించుకున్నారు అంకుల్?” అన్నాడు సంఘం సెక్రటరీ దామోదర్.

“నాకు అక్షరాలొచ్చు. అందుకే బతికాను.”

“ఆ అక్షరాలతో మాకు మాత్రం ఒక్క లిస్టు రాసివ్వరు! ఉగాది పిలుపులు ముత్యాల్లా రాస్తారు. భోజనాలకి ఎవరెవరొస్తారో పేర్లు రాయండి అంటే చెయ్యి వణుకుతోందంటారు!”

హాలంతా నవ్వింది. ముసలాయన నవ్వలేదు.

“చైతన్యా, నేనిచ్చింది చదివావా?”

ప్రయాణానికి ముందు ఆయన చైతన్య చేతిలో ఒక కవరు పెట్టాడు. అంటించిన కవరు. లోపల నలభై ఒక్క పేర్లు. “నది ఒడ్డున నిలబడి గట్టిగా చదువు. గోత్రాలు తెలీవు, పేర్లు చాలు. ఒక్కో పేరుకి నువ్వులు కలిపిన నీళ్ళు వదులు. ఆఖర్న కాగితం నదిలో వేసెయ్. వెనక్కి మాత్రం తేకు,” అన్నాడు.

“చదివాను అంకుల్. మొత్తం.”

“కాగితం?”

“నదిలో వేసేశాను.”

జనవరి నుంచి ఈ మాట చెప్పడం ఇది మూడోసారి. చెప్పి, గబగబా కూతురి వైపు తిరిగాడు.

“అక్షయా, కెమెరా బ్యాగ్‌లో ఇంకో కార్డుంది, తీసుకురా నాన్నా.”

ఎనిమిదేళ్ళ అక్షయ గౌనుకి పొద్దున, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే ఆన్జాక్ డే పరేడ్‌లో పెట్టిన ఎర్ర కాగితప్పువ్వు ఇంకా ఉంది. బ్యాగంతా కెలికింది. కార్డు దొరకలేదు. ఇంకోటి దొరికింది.

“డాడ్! ఇట్స్ తాతగారి ఎన్వలప్! యూ డిడంట్ ఈవెన్ ఓపెన్ ఇట్!”

అక్షయ కవరు పైకెత్తి చూపించింది.

“చెప్పు,” అన్నాడు లక్ష్మణరావు.

“వంతెన దాకా వెళ్ళాను అంకుల్. కవరు చేతిలోకి తీశాను కూడా. చుట్టూ టూరిస్టులు, ఫొటోలు. వాళ్ళ మధ్యలో నిలబడి తెలుగులో పేర్లు అరిస్తే... సిగ్గేసింది. ఈలోగా రైలొచ్చింది. ఎక్కేశాను.”

“పొద్దున తెల్లారకముందే డాన్ సర్వీస్‌లో చనిపోయిన కివీ సైనికుల పేర్లు చదివితే చేతులు కట్టుకుని నిలబడ్డావు కదయ్యా,” అన్నాడు దామోదర్. “అక్కడ రాని సిగ్గు మనవాళ్ళ పేర్లకి వచ్చిందా?”

చైతన్య ముందుకొచ్చాడు. కూతురి చేతిలోంచి కవరు తీసుకుని చించాడు.

“ఇప్పుడు చదువుతాను అంకుల్. ఇక్కడే, అందరి ముందూ.”

పాత గళ్ళ కాగితం. మడతల దగ్గర చిరిగింది. ఉగాది పిలుపుల మీది ముత్యాల్లాంటి అక్షరాలే, కాకపోతే రంగు వెలిసి ఉన్నాయి.

“అప్పన్న, ఇరవై నాలుగు, గట్టివాడు. సింహాచలం, పంతొమ్మిది, బాగా నడుస్తాడు. నారాయణ, ముప్ఫై ఒకటి, బరువు మోస్తాడు...”

చైతన్య చదవడం ఆపాడు. నలభై ఒక్కమందిలో ఎవరు ఎలా నడిచేవారో కూడా రాసి పెట్టుకున్నాడు ఈ మనిషి! అరవై ఏళ్ళు దాచుకున్నాడు! తానేమో అరగంట నిలబడలేకపోయాడు.

“ఒక్కొక్కరి గురించీ ఎంత ప్రేమగా రాసుకున్నారు అంకుల్!”

“ఆపు!” అన్నాడు ముసలాయన.

“నన్ను క్షమించండి. మళ్ళీ వెళ్తాను. ఈసారి ఎవరు చూసినా సరే, అరిచి చదువుతాను.”

“నువ్వు చదివితే లాభం లేదు. నేను వెళ్ళాలి. నీ చేత కానిచ్చేద్దామనుకున్నాను, అదీ నా పిరికితనమే.”

సుభద్ర పరుగున వచ్చి తండ్రి భుజం పట్టుకుంది. “గుండెకి రెండు స్టెంట్లు వేశారు నాన్నా! డాక్టరు ఫ్లైటు ఎక్కొద్దన్నాడా లేదా? ఎవరు చదివితే ఏముంది? చైతన్య వెళ్తానంటున్నాడుగా.”

లక్ష్మణరావు కాగితం వెనక్కి తీసుకున్నాడు.

“పోతే పోతానమ్మా. ఇది నేను దాచుకున్న నకలు. ఈ పేర్లు రాసి జపాన్‌వాడి చేతికిచ్చిన నన్నే తీసుకెళ్ళండి.”