మోటర్ ఏస్తున్నా!

“అంత కరెంటు గుంజితే, ఆ విమానం ఇంజన్ గాల్లోనే ఆగిపోతే ఎట్లనే?”

పొద్దుటి నుంచి సులోచన ఈ మాట అడగడం నాలుగోసారి. మొదటిసారి కూతురు పళ్లు తోముకుంటుంటే అడిగింది.

మనీష సంచి సర్దుతూ నవ్వింది. “నేను పోయేది నేల మీద పరీక్షకమ్మా. ఇంజన్‌ను దిమ్మెకు బిగించి నడిపిస్తరు.”

“నేల మీదనేనా?”

“నేల మీదనే.”

“గట్టిగ బిగిస్తరా?”

“ఇంజన్‌నా?”

“ఆఁ, ఇంజన్‌నే.”

“బిగిస్తరమ్మా!”

మనీష చెప్పింది అబద్ధం. బెంగళూరులో ఎల్లుండి ఆ యుద్ధవిమానం ఎగురుతుంది. ముందు సీట్లో పైలట్, వెనక సీట్లో మీటర్లు చూసే ఇంజనీరు. ఆ ఇంజనీరు మనీషే. వారం నుంచి ఆ మాట అమ్మకు చెప్పలేకపోతోంది. అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లికి పది నిమిషాలు ఆలస్యమైతే ఆస్పత్రులకు ఫోన్లు చేసే మనిషికి ఎలా చెప్పడం? అమ్మ వద్దంటే తను పోలేకపోతుంది. పోకపోతే ఆ సీటు తోటి ఇంజనీరు తరుణ్‌ది. రెండేళ్ల పని వాడి చేతిలో పెట్టి రావాలి.

“జర నాకు సమజయ్యేటట్టు చెప్పు,” అంది సులోచన, మిక్సీలో పల్లీలు పోస్తూ.

“ఇది పాత ఇంజన్ల లెక్క కాదు. లోపల గాలి పోయే దారులు అదే మార్చుకుంటది. దూరం పోవాల్నంటే ఒక తీరు, ఉరకాల్నంటే ఒక తీరు. అది తిరుగుతుంటే దాన్నుంచే విమానానికి కరెంటు తీస్తం. రాడార్‌కు, ఇంకా శానా వాటికి.”

“అన్నీ ఒక్కసారే గుంజితే?”

“అప్పుడే ఇంజన్ తడబడ్తది. అందుకే...”

కింది నుంచి ఆశమ్మ కేక వినిపించింది. “మోటర్ ఏస్తున్నా!”

అది పాత బిల్డింగు, పాత వైర్లు. నీళ్ల మోటరుతో పాటు గీజర్లు, మిక్సీలు నడిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకని వాచ్‌మన్ భార్య ఆశమ్మ ముందు కేక వేస్తుంది. అన్ని ఇళ్లూ జవాబిచ్చేదాకా స్విచ్చి ముట్టదు.

సులోచన మిక్సీ ఆపి, “ఏస్కో!” అని అరిచింది. పక్కింట్లోంచి ఇంకో “ఏస్కో!” మూడో అంతస్తు విజయశ్రీ పలకలేదు. ఆశమ్మ మళ్లీ పిలిచింది. ఆగింది. చివరికి పైనుంచి “ఏస్కో!” వచ్చాకే మోటరు గుయ్యిమంది.

“అగో, మా ఇంజన్ల ఇదే పద్ధతి పెట్టినం,” అంది మనీష. “కరెంటు గుంజేముందు ఇంజన్‌కు చెప్తం. అది గాలి సర్దుకొని సరే అన్నంకనే గుంజుతం.”

“అంటే ఆశమ్మ తెలివి ఎత్తుకపోయినవ్! దానికి నువ్వు ఇంజనీరువా?”

“ఆశమ్మనే సీనియరు. నేను అసిస్టెంటు.”

“మరి ఆ ఇంజన్ భయపడి సప్పుడు చెయ్యకపోతే?”

“ఇంజన్‌కు భయముండదమ్మా. నీ లెక్క కాదు.”

సులోచన మూతి ముడిచింది. లోపలికెళ్లి ఎండు ఉసిరికాయల పొట్లం తెచ్చింది.

“నాకు రైల్ల వాంతులు గావమ్మా.”

“అయినా పెట్టుకో. సంచిల గాదు, జేబుల.” కూతురి జేబులో తనే కుక్కింది. “అన్నట్టు, మొన్న నారాయణగూడల మందుల షాపు సుధీంద్రకు నీ డాక్టరు కాయితం సూపిచ్చిన.”

మనీష చేయి ఆగిపోయింది. “ఏ కాయితం?”

“టేబుల్ మీదుండె గద. బీపీ, చెవులు, కండ్లు అన్నీ చూసిన్రట.”

“ఆఫీసుల అందరికీ చూస్తరు. ఇంకేమన్నడు?”

“నువ్వు మంచిగున్నవన్నడు. నన్నే ఉప్పు తగ్గియ్యమన్నడు.”

మనీష ఊపిరి పీల్చుకుంది. కాచిగూడ స్టేషనుకు పిలిచిన ఆటో కింద హారన్ కొట్టింది. సంచి తగిలించుకుని నాలుగు మెట్లు దిగింది. మోటరు ఇంకా గుయ్యిమంటూనే ఉంది. ఇంజన్‌కు కూడా ముందే చెప్పి అడుగుతున్న మనిషి, అమ్మకు చెప్పకుండా పోతోంది.

వెనక్కి ఎక్కి గుమ్మంలో నిలబడింది.

“అమ్మా, మోటర్ ఏస్తున్నా.”

“ఆశమ్మ ఏసింది గదనే.”

“నేను ఏస్తున్న. ఇంజన్ దిమ్మె మీద లేదు, విమానంల ఉంది. అది ఎగురుతది. వెనక సీట్ల నేను కూసుంట. నువ్వు సరే అంటేనే.”

సులోచన ఇందాక తుడిచిన మిక్సీ మూతనే మళ్లీ తుడిచింది. కింద హారన్ రెండుసార్లు మోగింది. ట్యాంకు నిండి మోటరు ఆగింది. మనీష కదల్లేదు.

సులోచన నెమ్మదిగా వచ్చి కూతురి జేబు తడిమి చూసింది.

“ఏస్కో,” అంది చివరికి, “ఉసిరికాయలు రైలుకనుకున్నవా?”