పన్నెండు చుక్కలు

హెడ్ నర్సు చేతిలోని నీలి టార్చి వెలుగు మంచం చక్రం దగ్గర ఆగింది. అక్కడ బఠాణీ గింజంత చుక్క మిలమిల మెరిసింది.

"పన్నెండులో ఒకటి మిగిలిపోయింది ఆయమ్మా."

గది తుడిచిన ఆయమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి చూసింది. నర్సు పొద్దున్నే గదిలో పన్నెండు చోట్ల మందు చుక్కలు పెడుతుంది. అవి మామూలు కంటికి కనబడవు, ఆమె మెడలో వేలాడే ఆ టార్చికే కనబడతాయి. తుడిచిన చోట పోతాయి, తుడవని చోట మెరుస్తాయి. ఆపరేషన్ అయినవాళ్ళు పడుకునే గదులు మరి.

"గోడలు, కిటికీ, మందుల బల్ల, సెలైన్ స్టాండు అన్నీ తుడిచానమ్మా. చివరికి నడుం పట్టేసి ఆ చక్రం ఒక్కటీ..."

"నలభై నిమిషాలు పట్టింది నీకు. పక్క గది తుడిచే మెరుపు పది నిమిషాల్లో ముగించాడు. మూడు నెలలుగా ఒక్క చుక్క మిగల్లేదు."

"నిదానమే ప్రధానం అంటారు కదమ్మా."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అంటారు. రేపటి నుంచి బట్టలు ఉతికేచోటికి వెళ్ళు."

ఆయమ్మకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోబోయి, చేతికి గ్లవ్ ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది.

మెరుపు అనేది అతని వేగం చూసి తోటివాళ్ళు పెట్టిన పేరు. నర్సుకు అతని పనంటే మహా ముచ్చట. పరదాలు లాగేసి, లైటు కూడా వేయకుండా తుడుస్తాడు. అడిగితే కరెంటు దండగ కదండీ అంటాడు. ఈ నెల అతని గదుల్లో ఇద్దరికి కుట్లు చీము పట్టాయి. వాళ్ళ ఒంటి తత్వం అలాంటిది అనుకుంది నర్సు. టార్చి అబద్ధమాడదు కదా.

అతన్ని పిలిచింది.

"మధ్యాహ్నం మా అమ్మను అయిదో గదిలో చేరుస్తున్నా. తుంటి ఆపరేషన్. డెబ్బై దాటిన మనిషి, ఏ క్రిమి సోకినా తట్టుకోలేదు. నాకు భయంగా ఉంది, అందుకే నీకు అప్పజెబుతున్నా."

"మీరు గుండెల మీద చెయ్యేసుకుని ఉండండి మేడం."

బకెట్ పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"ఆ గదిలో చుక్కలు పెట్టారామ్మా?" అనడిగింది ఆయమ్మ.

"ఇవాళ పెట్టలేదు. నమ్మినవాడికి పరీక్షలెందుకు?"

లోపల మెరుపు పరదాలు లాగి, జేబులోంచి తన సొంత నీలి టార్చి తీశాడు. గదంతా తిప్పి చూస్తే, తుడవడానికి ఒక్క చుక్కా కనబడలేదు.