శనివారం జీపు

శనివారం పదిన్నరకు ఆ జీపు మళ్ళీ వచ్చింది. వరసగా ఇది ఐదో శనివారం.

హారన్ వినగానే బ్లెస్సీ పొయ్యి కట్టేసింది. పలాసలో హైవే పక్కన రేకుల షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. భర్త సాల్మన్ రాజు మెకానిక్. వంటింటి కిటికీలోంచి షెడ్డంతా కనబడుతుంది. కనబడకపోతేనే బాగుండేదని ఈ మధ్య ఆమెకు చాలాసార్లు అనిపించింది.

జీపులోంచి కీర్తి దిగింది. సోంపేటలో జీడిపప్పు వ్యాపారం ఆమెది. ఉద్దానం జీడితోటల్లో ఇసకలోకి దూరాలని జీపుకి ఎత్తు స్ప్రింగులు వేయించి రెండంగుళాలు లేపించింది. లేపాక ముందు చక్రాల యాక్సిల్ ఒక పక్కకి జరిగిపోయింది. రోడ్డు తిన్నగా ఉన్నా స్టీరింగ్ వంకరగా నిలబడుతోందని మొదటి శనివారం ఇక్కడికి తెచ్చింది.

సాల్మన్ రాజు దారానికి నట్టు కట్టి ఛాసిస్ నుంచి వేలాడదీశాడు. దారానికీ టైరుకీ మధ్య దూరం రెండు పక్కలా టేపుతో కొలిచాడు. అర అంగుళం తేడా. యాక్సిల్‌ని మధ్యలోకి లాగాడు. స్టీరింగ్ రాడ్డుని సరిచేసి, అది మళ్ళీ తిరగకుండా లాక్ నట్టు బిగించాడు. పని శుభ్రంగా అయింది.

పాడైంది బ్లెస్సీ మనసు.

షెడ్డులో పనివాడు లేడు. బండి కింద పడుకుని భర్త నంబరు చెబితే ఆ పానా అందించేది ఆమే. పద్నాలుగేళ్ళుగా అది ఆమె పని. ఆరోజు ఆయన "పదిహేడు" అన్నాడు. బ్లెస్సీ వంగేలోపే కీర్తి పానా తీసి ఆయన చేతిలో పెట్టింది. "థాంక్సండీ" అన్నాడాయన, బండి కిందినుంచే. పద్నాలుగేళ్ళలో బ్లెస్సీకి ఒక్క థాంక్స్ కూడా దక్కలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత ట్రయలు. నాలుగు కిలోమీటర్లు తిప్పితే తెలిసిపోయే సంగతికి ఇద్దరూ టెక్కలి దాటి హరిశ్చంద్రపురం దాకా వెళ్ళొచ్చారు. వచ్చాక ముందుగదిలో కూర్చుని టీ. టీ గ్లాసులు చేతికిచ్చి బ్లెస్సీ అక్కడ నిలవలేకపోయింది. ఆ నవ్వులు వినలేక షెడ్డులోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ ప్రతి శనివారం ఇదే తంతు.

సోమవారం కీర్తి నుంచి ఫోనొచ్చేది. పూండి తోటల దారిలో స్టీరింగ్ మళ్ళీ వంకర తిరిగిందని. మొదట్లో "మేడం" అనే సాల్మన్ రాజు మూడో వారానికి ఫోనులో "కీర్తి గారూ" అన్నాడు. అది కూడా బ్లెస్సీ లెక్కలోకి వెళ్ళింది. ఆదివారం చర్చిలో అందరూ ఊరి కోసం, వాన కోసం ప్రార్థన చేస్తుంటే, ఆ జీపుకి టెక్కలి దారి చూపించు ప్రభువా అని ఆమె కళ్ళు మూసుకుంది. టెక్కలిలో కంప్యూటర్‌తో ఎలైన్‌మెంట్ చేసేవాడున్నాడు. సాల్మన్ రాజుకి వాడి పేరు ఎత్తితేనే పడదు.

రెండో వారం తనే సరిగ్గా బిగించలేదేమో అనుకున్నాడు సాల్మన్ రాజు. మూడో వారం నట్టే మార్చేశాడు. నాలుగో వారం నట్టు మీంచి రాడ్డు మీదికి పసుపు పెయింటుతో ఒకటే గీత గీశాడు.

ఇవాళ బండి కిందికి దూరి ముందు ఆ గీతే చూశాడు.

"బ్లెస్సీ, ఇలాగొచ్చి సూడు" అని పిలిచాడు. ఆమె వంగింది. "నట్టు మీద గీత ఇటుంది, రాడ్డు మీద గీత అటుంది. దానంతటది వదులవలేదిది. ఎవులో పానా ఎట్టి తిప్పినారు."

కీర్తి రోడ్డవతల ఫోను మాట్లాడుకుంటోంది. బ్లెస్సీ అటు చూసి గొంతు తగ్గించింది.

"ఇంకెవులు? ఆవిడే. నిన్ను సూడ్డానికి వంక కావాల గదా."

"ఏటా మాటలు? ఆవిడ ఇంటాది."

"ఆవిడ కాకపోతే నువ్వే. మళ్ళీ రావాలని వదులుగా ఒగ్గేత్తన్నావు."

సాల్మన్ రాజు బండి కిందినుంచి బయటికొచ్చాడు. గ్రీజు కింద మొహంలో నెత్తురు చుక్క లేదు. "పనిలో దొంగతనం సేత్తానా నాను? ఒట్టెట్టుకోకూడదు గానీ, దేవుడి తోడు బ్లెస్సీ. రేత్రుళ్ళు నిద్దర పట్టట్నేదు నాకు. పలాసలో నా పేరు పోతంది."

బ్లెస్సీకి ఒక్క క్షణం జాలేసింది. అంతలో కీర్తి వచ్చి "మేస్త్రి గారూ, ఏ నంబరు కావాలి?" అని పానాల పెట్టె ముందు కూర్చుంది. ఆ జాలి అక్కడే ఆవిరైపోయింది.

ఈసారి సాల్మన్ రాజు ప్రతి కొలతా మూడుసార్లు చూశాడు. నట్టు బిగించి, దాని వెనక ఇంకో నట్టు బిగించాడు. ట్రయలులో స్టీరింగ్ వదిలేసి పది లెక్కపెట్టినా జీపు రోడ్డు మీది గీత తప్పలేదట.

టీ వేళకి కీర్తి గ్లాసు అందుకుంటూ బ్లెస్సీ వైపు చూసింది.

"అక్కా, మేస్త్రి గారి పనంటే నాకు గురే. కానీ ఐదు శనివారాలు పోయాయి నాకు. ఈసారి కూడా వంకరొస్తే టెక్కలి తీసుకుపోతాను. ఏమీ అనుకోకండి."

సాల్మన్ రాజు తల దించుకున్నాడు. "అలాగేనండి. అప్పుడింక నా దగ్గరకి రావద్దు" అన్నాడు. 

బ్లెస్సీకి ఈ ఐదు వారాల్లో మొదటిసారి గుండె చల్లబడింది. భర్త గ్లాసులో ఇంకో చెంచా పంచదార వేసి కలిపింది. కీర్తికి బిస్కట్లు కూడా పెట్టింది.

వాళ్ళిద్దరూ లోపల టీ తాగుతుండగా బ్లెస్సీ షెడ్డులోకి నడిచి, గడిచిన నాలుగు శనివారాల్లోనూ చేసినట్టే, పానా తీసుకుని జీపు కిందికి దూరింది.