సగం స్పీడ్ బ్రేకర్

సాయవ్వ ఇంటి ముందు రోడ్డు మీద ఓ స్పీడ్ బ్రేకర్ ఉంది. సగమే ఉంది.

అవతలి అంచు నుంచి రోడ్డు నడిమి దాకా తెల్ల చారలతో బ్రహ్మాండంగా ఉంటుంది. నడిమికొచ్చేసరికి కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. కొత్త జిల్లాలు చేసినప్పుడు గీత సరిగ్గా ఆ రోడ్డు నడుమ నుంచే పోయింది మరి. అవతలి వైపు పాత జిల్లా. సాయవ్వ ఇల్లున్న ఇవతలి వైపు కొత్త జిల్లా. పాత జిల్లా వాళ్ళు తమ నిధులతో తమ సగం వేసుకుని, దాని పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్ళిపోయారు.

లారీ డ్రైవర్లేమైనా వెర్రివాళ్ళా? సగం బ్రేకర్ కనబడగానే స్టీరింగు ఇవతలికి తిప్పేస్తారు. ఎదురొచ్చే లారీ ఊరుకుంటుందా? హారన్ కొడుతుంది. ఇతనూ కొడతాడు. ఇచ్చోడ వైపు పోయే, వచ్చే పత్తి లారీలన్నీ సాయవ్వ గుమ్మం ముందుకొచ్చే తగువులాడుకుంటాయి.

ఇంట్లో ఉయ్యాలలో పసి మనవరాలు. కన్ను మూతపడుతుందనగా హారన్, వెంటనే కెవ్వుమని ఏడుపు. దుబాయ్‌లో ఉన్న కొడుకు బెన్నీ ఫోన్ చేసినప్పుడల్లా కూతురి ఏడుపే విని పెట్టేస్తున్నాడు. సాయవ్వ ఉండబట్టలేక తమ సగంలో నాలుగు తట్టల మట్టి పోసి చూసింది. సాయంత్రానికల్లా లారీలు దాన్ని దుమ్ము చేసి ఆమె వాకిట్లోకే పంపించాయి.

కోడలు బ్లెస్సీ నెమ్మదస్తురాలు. ఆ నెమ్మదితోనే అత్తకు చెప్పింది.

"అత్తమ్మా, గీ మోతల పిల్ల నిద్ర పోతలేదు, పాలు తాగుతలేదు. శనివారం మా తమ్ముడు కారు మాట్లాడుకోని వస్తుండు. గప్పటిదాకా ఏదన్న అయితే మంచిదే. లేకపోతే పిల్లను తీస్కోని మంచిర్యాలకు, మా అవ్వగారింటికి పోత. మల్ల గా బ్రేకర్ నిండినంకనే వస్త."

పొద్దున్నే లేచి ఆ చిన్న పాదాలను ముద్దు పెట్టుకోకపోతే సాయవ్వకు తెల్లవారదు. మంచిర్యాలకు పోయిన పిల్ల మళ్ళీ తన మొహం గుర్తుపడుతుందా?

సోమవారం సీతాఫలాల సంచి పట్టుకుని, పాత జిల్లా రోడ్ల ఆఫీసుకు బస్సెక్కింది. సగం వేసినవాళ్ళనే అడగాలి కదా.

అక్కడి ఇంజినీరు రాంచందర్ సారు. దేవుడిలాంటి మనిషి. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, మధ్యలో ఒక్క మాట అడ్డు తగలకుండా అంతా విన్నాడు.

"అవ్వా, నా సగం నేను ఏసిన. గా గీత దాటి ఒక్క తట్ట కంకర పోసినా ఆడిట్ల నన్ను పట్టుకుంటరు. మిగిలింది కొత్త జిల్లా సారు వెయ్యాలె."

"మరి ఆయనకు జర చెప్పరాదు సారూ?"

"చెప్పకుంట ఉంటనా? రాసీ రాసీ నా చెయ్యి నొస్తుంది. ఒక్కదానికి జవాబు రాలే."

"ఫోన్ కొట్టరాదు?"

"ఎప్పుడు కొట్టినా బిజీ." సారు నిట్టూర్చాడు. "ఆయన సంగతి నాకు తెల్సినంత ఎవ్వలకు తెల్వదవ్వా. ఉత్త ఇన్‌ఛార్జి మనిషి. ఇన్‌ఛార్జోళ్ళకు మన ఊళ్ళ మీద మనసుంటదా?"

సాయవ్వకు ఒళ్ళు మండింది.

"అసుంటోనికి జీతమెందుకు సారూ? పసిపిల్ల ఉసురు తగుల్తదాయనకు."

సారు ముఖం చిన్నబోయింది. "గట్లనకవ్వా. ఆయన పరేషాన్లు ఆయనకుంటయి" అన్నాడు.

చూశారా, ఎదుటివాడు ఎంత పనికిమాలినవాడైనా పల్లెత్తు మాట పడనివ్వలేదు. సాయవ్వకు ఆయన మీద గౌరవం రెండింతలైంది. సంచిలో తన కోసం దాచుకున్న ఒక్క పండు కూడా బల్ల మీద పెట్టేసి వచ్చింది.

బుధవారం ప్రార్థన కూటంలో ఇద్దరి కోసమూ మోకరిల్లింది. రాంచందర్ సారును, ఆయన పిల్లాజెల్లను చల్లగా చూడమంది. కొత్త జిల్లా సారుకు మాత్రం బుద్ధి చెప్పమంది. మామూలుగా చెబితే వినకపోతే కొద్దిగా విరేచనాలిచ్చినా తనకు అభ్యంతరం లేదంది. పక్కనున్నవాళ్ళు ఆమెన్ అన్నారు.

గురువారం పొద్దున బ్లెస్సీ పిల్ల బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది. సాయవ్వ ఇక ఆగలేదు. చెప్పులేసుకుని కొత్త జిల్లా ఆఫీసుకు బయలుదేరింది.

బస్సులో కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ చించి ఇస్తూ, "ఎటు పోతున్నవవ్వా, గింత గరంగ?" అన్నాడు.

"ఒక సారును కడిగెయ్యనీకి."

దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. కుర్చీ వేస్తే కూర్చోకూడదు. చాయ్ ఇస్తే ముట్టకూడదు. రాంచందర్ సారులా మెత్తగా మాట్లాడితే ఇలాంటివాళ్ళు దారికి రారు. పని మొదలుపెడతానని ఒప్పుకునేదాకా గది మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఎత్తి పారేస్తే మళ్ళీ వచ్చి కూర్చోవాలి. మనవరాలి కోసం ఆ మాత్రం చేయలేనా అనుకుంది.

ఆఫీసు గుమ్మం దగ్గర అటెండర్ ఆమెను చూసి తప్పుకున్నాడు.

"మంచి రోజే వచ్చినవు. సారు గీడ దొరుకుడే కష్టం. జల్ది పో అవ్వా."

సాయవ్వ కొంగు నడుముకు దోపింది. ప్రభువును తలుచుకుంది. తలుపు ధడాలున నెట్టి లోపలికి అడుగుపెట్టింది.

కుర్చీలో ఉన్న రాంచందర్ సారు, సోమవారం ఆమెతో మాట్లాడింది తాను కానట్టు కళ్ళజోడు సర్దుకుని, "రా అవ్వా, కూసో, గా పాత జిల్లా సారు ఏమంటుండు?" అన్నాడు.