గొర్రెపాల పెరుగు

గొర్రె పొదుగు రాయిలా బిగుసుకుపోయింది.

దాని రెండు వారాల పిల్ల తెల్లవారకముందే చచ్చిపోయింది. మామ పిల్లప్ప దాన్ని మామిడితోట గట్టున పూడ్చి వచ్చాడు.

"దీని తల పట్టుకోమ్మా. పాలు తీసేయకపోతే దీనికి జరమొస్తుంది," అంది అత్త నంజమ్మ.

ప్రేమ పట్టుకుంది.

హోసూరు డెయిరీలో, ల్యాబ్‌లో పెరుగు పరీక్షించే పని ప్రేమది. పోయిన వారం ఆస్పత్రిలో ఆమెకు పుట్టిన బిడ్డ ఏడవలేదు. పుట్టింట తల్లి లేదు. భర్త కార్తిక్ ఆమెను వేప్పనపల్లి పక్కనున్న తన ఊళ్ళో దించి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

వచ్చినప్పటినుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

నంజమ్మ ఆ పాలు కాచి, గోరువెచ్చగా ఆరనిచ్చి తోడేసింది. వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"ఇవి పెరుగెట్లయితాయి ప్రేమా? నువ్వు చదివినావు గదా. చెప్పు, వింటాను."

ప్రేమ గిన్నె మీద మూత సరిచేసింది.

"పాలలో ఒక చక్కెర ఉంటుందత్తా. తోడులోని బ్యాక్టీరియా దాన్ని తిని యాసిడ్ చేస్తాయి. అదే పులుపు."

"ఊఁ."

"పాలలో ప్రోటీన్లు ఒకదాన్నొకటి తోసుకుంటా తేలుతుంటాయి. పులుపెక్కేకొద్దీ ఆ తోపుడు పోతుంది. దగ్గరికొచ్చి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నీళ్ళను లోపలే పెట్టుకుని గడ్డకడతాయి."

"ఆవుపాలు కూడా అంతేనా?"

"అంతే. గొర్రెపాలలో ప్రోటీన్ ఎక్కువ, వెన్న ఎక్కువ. బాగా గట్టిగా పేరుకుంటుంది."



మర్నాడు పొద్దున గిన్నె వంచినా పెరుగు కదల్లేదు. నంజమ్మ సంగటిలో వేసి ఇచ్చింది. ప్రేమ రెండు ముద్దలు తిని, కంచం పక్కన పెట్టింది.

అప్పుడే పక్కింటి ఆంజినప్ప ఒక గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని వచ్చాడు.

"దీని తల్లిని పాము కరిచిందక్కా. మీ గొర్రె పాలిస్తుందేమో చూద్దామని."

గొర్రె వాసన చూసి, పిల్లను తలతో తోసేసింది. పిల్లప్ప దాని పాలే కొంచెం పిండి, పిల్ల వీపుకు పూశాడు. గొర్రె మళ్ళీ మూతి పెట్టి వాసన చూసింది. ఈసారి కదలకుండా నిలబడింది.

పిల్ల మోకాళ్ళ మీద వంగి, తోకాడిస్తూ తాగింది.

"ఇంక దీనికి పాలు పిండే పని లేదు," అన్నాడు పిల్లప్ప.

ప్రేమ చూస్తూ ఉండిపోయింది. నైటీ ముందుభాగం పాలతో తడిసింది. తువ్వాలు కప్పుకుని దొడ్డి వెనక్కు వెళ్ళింది.

చేతులు కడుక్కోవడానికి మగవాళ్ళు అటే బయల్దేరారు.

"ఆ పక్క వద్దు. ఈ పక్క పోండి," అంది నంజమ్మ.

దొడ్డివైపు వీపు పెట్టి, దారికి అడ్డంగా నిలబడింది.