సగంలో ఆగిన బ్యాటరీలు

శనివారం సాయంత్రమైనా ఛార్జర్ చప్పుడు లేదు. మోనియాకు అనుమానం వచ్చింది.

మొగుడు రిధా విమానాల పిచ్చి స్ఫాక్స్ పట్నంలో వాళ్ళ వీధి వీధంతటికీ తెలుసు. ఆదివారం పొద్దున్నే ఉప్పుమళ్ళ మీద బొమ్మ విమానాలు ఎగరాల్సిందే. అందుకని ముందురోజు సాయంత్రమే బ్యాటరీలన్నీ నిండుగా ఛార్జ్ చేసుకుంటాడు. వేడెక్కితే కొంప తగలబెట్టే సరుకు కదా, పక్కనే కాపలా కూర్చుంటాడు. పురిటి మంచానికి కూడా అంత కాపలా ఉండదు. పెళ్ళాం జ్వరంతో మూలుగుతున్నా అక్కణ్ణించి కదలడు.

ఇవాళ ఆ మనిషి కాఫీ కొట్లో కూర్చున్నాడు.

మధ్యాహ్నమంతా మోనియా వంటింట్లోనే ఉంది. వారానికి సరిపడా ములూఖియా కూర వండి, డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టింది. అతని చొక్కాలన్నీ ఇస్త్రీ చేసింది. ఆ పని ముగించుకుని బ్యాటరీల ఇనప్పెట్టె తెరిచింది. ఒకదానికి చిన్న మీటరు తగిలించి చూసింది. సగం. ఇంకోటీ సగమే. అన్నీ అంతే.

నిండుగా వదిలేస్తే ఉబ్బిపోతాయి, ఖాళీగా వదిలేస్తే చచ్చిపోతాయి. చాలాకాలం ముట్టుకోనప్పుడే సగంలో ఉంచుతారు. ఇన్నేళ్ళ కాపురంలో రిధా ఒక్కసారే అలా చేశాడు, ఎడారిలో చమురు బావుల పనికి పోయినప్పుడు.

చెల్లెలు సిహామ్‌కు ఫోన్ చేసింది.

“రిధా ఎక్కడికో పోతున్నాడే! నాతో ఒక్క ముక్క అనలేదు.”

“పోతే పోనీ అక్కా. నీ నెత్తిన బరువు దిగిపోతుంది.”

“నోర్ముయ్,” అని ఫోన్ పెట్టేసింది మోనియా. ఏడుపు ముంచుకొచ్చింది. తనకే వింతగా అనిపించింది ఆ ఏడుపు.

తలుపు చప్పుడైంది. రిధా చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్ళింది.

“ఎక్కడికి మహానుభావా ప్రయాణం?”

“ఎవరికి?”

“నీకే! ఆ పెట్టె తెరిచి చూశాన్లే. అన్నీ సగంలో ఉన్నాయి. నీతో కాపురం చేసి ఆ మాత్రం నేర్చుకోలేదనుకున్నావా?”

రిధా రెండో చెప్పు కూడా విప్పి గోడ వారన పెట్టాడు.

“చెప్పాపెట్టకుండా దొంగలా పోతావా? కట్టుకున్నదానితో ఒక్క మాట చెప్పాలనిపించలేదూ?”

“నేనెక్కడికీ పోవట్లేదు మోనియా.”

“మరి ఇవెందుకిలా ఉంచావు?”

రిధా పడకగది వైపు చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఓడిపోయినవాడి ముఖంలా ఉంది.

“మంచం కింద నువ్వు సర్దిపెట్టుకున్న బట్టల పెట్టె చూశాను. నువ్వు వెళ్ళిపోయాక విమానాలెగరేసే మనసు నాకెక్కడిది?”