రిజిస్టర్‌లో రాసిన పేరు

మా ఇంట్లో ఏం అడిగినా, మాట్లాడే కంప్యూటర్ తెరగా మారిన గోడే జవాబు చెబుతుంది, కానీ అందరికీ వినిపించేలా చెబుతుంది. అందుకే నా మోచేతి మీద వచ్చిన తెల్లమచ్చ గురించి అడగలేకపోయాను.

గోడమీద వచ్చే సీరియళ్లలో లైబ్రేరియన్ అంటే "ష్!" అని కసిరే కళ్లద్దాల మనిషే. ఈ రోజు భయపడుతూనే ఊరి గ్రంథాలయానికి వెళ్లి, చర్మవ్యాధుల పుస్తకం తీసి, మళ్లీ అలమరలో పెట్టేశాను.

లైబ్రేరియన్ జైబున్నీసా గారు చూశారు. "ఇంటికి తీసుకెళ్లమ్మా."

"రిజిస్టర్‌లో నా పేరు పడితే ఆన్‌లైన్‌లో మా గోడకి తెలిసిపోయి, అందరి ముందూ చదివేస్తుందండీ."

ఆవిడ పెన్ను తీసి తన పేరే రాసుకున్నారు.

"మీకేదో జబ్బనుకుంటారండీ!"

"గజ్జి అనుకుంటార్లే. రెండ్రోజులు నా జోలికెవరూ రారు, హాయిగా చదువుకుంటా."

నాకు నవ్వొచ్చింది. చొక్కా చేయి పైకి మడిచి, మొదటిసారి ఒక మనిషికి ఆ మచ్చ చూపించాను.